ఆరేళ్ల బాబు, రెండున్నరేళ్ల పాపతో ఓజెట్ తీరంలో ఒక రాత్రి టెంట్: వెళ్లొచ్చా?

రెడ్మండ్ నాన్న (ప్రశ్న)

అందరికీ నమస్తే అండి. మేం వాషింగ్టన్ రాష్ట్రం రెడ్మండ్‌లో ఉంటాం, బాబుకి ఆరేళ్లు, పాపకి రెండున్నర. డిసెప్షన్ పాస్ లాంటి చోట్ల కారు పక్కనే టెంట్ వేసుకుని పడుకోవడం పిల్లలిద్దరికీ అలవాటే, రాత్రిపూట టార్చ్ పట్టుకుని బాత్రూమ్‌కి నడవడమంటే బాబుకి పండగ. ఈ జూలైలో ఇంకొంచెం ముందుకెళ్దామని ఉంది, అంటే సామాను వీపున వేసుకుని అడవిలో నడిచి వెళ్లి, అక్కడే ఒక రాత్రి ఉండి రావడం. ఒలింపిక్ నేషనల్ పార్కులో ఓజెట్ చెరువు దగ్గర మొదలుపెట్టి కేప్ అలావా దాకా నడిచి, అక్కడినుంచి సముద్రం ఒడ్డునే శాండ్ పాయింట్‌కి వచ్చి, మళ్లీ చెరువు దగ్గరికి తిరిగొచ్చే మూడు వైపుల దారి ఉంది కదా, మొత్తం తొమ్మిది మైళ్ల పైన, దాన్ని రెండు రోజుల్లో చేయాలని నా ఆలోచన. ఎత్తులు ఎక్కేది లేదు, అడవిలో చాలావరకు చెక్క పలకల మీదే నడక, కాబట్టి పిల్లలకి సులువేమో అనిపించింది.

మా ఆవిడకి ఇష్టమే గానీ రెండు భయాలున్నాయి. రాత్రి పాపకి జ్వరం వస్తే ఫోన్ సిగ్నల్ కూడా లేని చోట ఏం చేస్తాం, జంతువులు వస్తే ఏం చేస్తాం అని. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు చంటిపిల్లల్ని అడవిలో పడుకోబెట్టడమేంటని రోజూ అడుగుతున్నారు, ఆవిడ మాటని తేలిగ్గా తీసేయాలని నాకు లేదు, పిల్లల మీద ప్రేమతో అడుగుతున్న మాట అది. ఇంత చిన్నపిల్లలతో అలా వెళ్లొచ్చినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి, ఈ ప్లాన్ సరైనదేనా, మార్చాల్సింది ఏంటి?

బాతెల్ బాబాయ్

వెళ్లొచ్చండి, కానీ ఆ తొమ్మిది మైళ్ల ప్లాన్ మాత్రం పక్కన పెట్టేయండి. చెరువు నుంచి తిన్నగా శాండ్ పాయింట్‌కి వెళ్లి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున్న అదే దారిలో వెనక్కి వచ్చేయండి, ఒక్కో వైపు మూడు మైళ్ల లోపే. మా పిల్లలు మీ పిల్లల వయసులో ఉన్నప్పటి నుంచీ ఆ తీరానికి వెళ్తున్నాం, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మ్యాపులో చూస్తే కేప్ అలావా నుంచి శాండ్ పాయింట్ దాకా మూడు మైళ్ల బీచ్ అని ఉంటుంది, బీచ్ అనగానే మనకి రామకృష్ణా బీచ్‌లా మెత్తటి ఇసుక గుర్తొస్తుంది. అక్కడ చాలా భాగం రాళ్లు, గులకరాళ్లు, పాదం జారే సముద్రపు పాచి. వీపున పాపని మోస్తూ అలాంటి చోట నడిచి మీరు జారితే పడేది ఇద్దరు. పైగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన్ని మలుపులు నీళ్లు బాగా వెనక్కి తగ్గినప్పుడే దాటగలం. అంటే మీ నడక టైమ్ మీ చేతిలో ఉండదు, సముద్రం చేతిలో ఉంటుంది, ఆ టైమ్‌కి పాప నిద్రకో ఆకలికో ఏడుస్తుంటే, బాబు ఇంక నడవనని కూర్చుంటే ఎటూ కదల్లేరు. ఆరేళ్ల పిల్లాడితో మైలుకి గంట లెక్క వేసుకోండి, నత్తలు చూడాలి, పుట్టగొడుగులు చూడాలి, పలకల సందుల్లోకి పుల్లలు వేయాలి, అదంతా నడకలో భాగమే. ఆ లెక్కన శాండ్ పాయింట్‌కి మూడు గంటలు, మధ్యాహ్నానికల్లా టెంట్ వేసేసుకుని మిగతా రోజంతా వాళ్లని ఆడుకోనివ్వొచ్చు. చెక్క పలకల గురించి ఒక మాట, తడిగా ఉంటే అవి భలే జారతాయి, పరిగెత్తనివ్వకండి, అరిగిపోయిన బూట్లు వేయకండి.

ఇక అక్కడ నేను ఎలుగుబంటి కన్నా ఎక్కువ భయపడేది నీళ్లకి, దుంగలకి. ఆ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు, కానీ రెండు పోట్లూ ఒకే ఎత్తులో రావు. పగలు నీళ్లు ఇక్కడిదాకే వచ్చాయి కదా అని ఆ గీతకి పైన ఇసుకలో టెంట్ వేస్తే రాత్రి వచ్చే పోటు దాన్ని దాటి రావచ్చు. అందుకని ఒడ్డున కొట్టుకొచ్చిన దుంగల వరసకి వెనక, చెట్ల కింద ఉన్న చోట్లలోనే వేసుకోండి. ఆ దుంగలు చూడటానికి కదలని కొండల్లా ఉంటాయి, ఒక్క పెద్ద అల కిందికి దూరితే చాలు తేలి దొర్లుతాయి, వాటి మధ్య చిక్కుకుని మనుషులు చనిపోయారు కూడా. పిల్లలు వాటి మీద ఎక్కి ఆడుకోవడం నీళ్లు బాగా దూరంగా ఉన్నప్పుడు మాత్రమే. నీటి అంచు దగ్గర పాపకి చెయ్యందేంత దూరంలో ఒక పెద్దవాళ్లు ఎప్పుడూ ఉండాలి. జూలైలో కూడా ఆ నీళ్లు 10 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలే ఉంటాయి. వెళ్లే ముందు ఆ రెండు రోజుల ఆటుపోట్ల పట్టిక ప్రింట్ తీసుకుని జేబులో పెట్టుకోండి, అక్కడికి వెళ్లాక ఫోన్‌లో చూద్దామంటే కుదరదు.

అనుమతి సంగతి: రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో వైల్డర్‌నెస్ పర్మిట్, అంటే అడవిలో రాత్రి ఉండటానికి అనుమతి, తీసుకోవాలి, రాత్రికి పెద్దవాళ్లకి 8 డాలర్లు, 15 ఏళ్లు, అంతకన్నా తక్కువ ఉన్న పిల్లలకి ఆ రుసుము లేదు, పార్కు ఎంట్రీ టికెట్ వేరు. శని, ఆదివారాలు త్వరగా నిండిపోతాయి, వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే మేలు. ఆ తీరమంతా తిండి గట్టి డబ్బాలో, అంటే బేర్ క్యానిస్టర్‌లో పెట్టడం తప్పనిసరి, ఎలుగుల కన్నా అక్కడి రకూన్‌లు (పిల్లి కన్నా కాస్త పెద్దగా ఉండే జంతువులు) గడుసువి, జిప్పులు తీసేస్తాయి. టూత్‌పేస్ట్, సన్‌స్క్రీన్, పాప తడి వైప్స్, వాసన వచ్చేవన్నీ అందులోకే. అక్కడి వాగుల నీళ్లు టీ రంగులో ఉంటాయి, ఆకులు నాని వచ్చిన రంగు అది, ఫిల్టర్ చేసో మరిగించో తాగొచ్చు, రంగు పోలేదని కంగారుపడకండి.

టకోమా నర్సు

నేను పిల్లల వార్డులో పనిచేస్తాను. మీ ఆవిడ అడిగిన జ్వరం సంగతి ముందు చెప్తాను. బయల్దేరే ముందు రెండు రోజుల్లో పాపకి ముక్కు కారినా, తిండి తగ్గినా ప్రయాణం మానేయండి, పర్మిట్ డబ్బులు పోతే పోనివ్వండి. అక్కడ మామూలు జ్వరం వస్తే ఇంట్లో వేసే మందే, టైలెనాల్ లేదా ఐబుప్రోఫెన్, పాప బరువుని బట్టి ఎంత వేయాలో మీ డాక్టర్‌ని అడిగి సీసా మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి, అర్ధరాత్రి హెడ్‌లైట్ వెలుగులో చిన్న అక్షరాలు చదివి లెక్కలు వేయడం మంచిది కాదు. కొలిచే సిరంజి మర్చిపోవద్దు. పాప నీళ్లు తాగుతూ, మీ మొహం చూసి పలకరిస్తూ ఉంటే తెల్లారేదాకా ఆగొచ్చు. ఊపిరి కష్టంగా తీస్తున్నా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ఎనిమిది గంటలుగా డైపర్ తడవకపోయినా ఆగకూడదు. ఆ దారిలో దగ్గరి ఆసుపత్రి ఫోర్క్స్ అనే ఊళ్లో ఉంది. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే సదుపాయం ఉంది, కానీ ఆకాశం కనపడాలి, దట్టమైన చెట్ల కింద కష్టం, బీచ్ మీదికి రావాలి. శాటిలైట్ ద్వారా మెసేజ్ పంపే ఇన్‌రీచ్ లాంటి పరికరం ఎవరి దగ్గరన్నా అడిగి తీసుకెళ్తే ఇంకా ధైర్యం.

నన్నడిగితే జ్వరం కన్నా చలి గురించి ఎక్కువ ఆలోచించాలి, జూలై కదా అని చాలామంది దాన్ని వదిలేస్తారు. వీపున మోసే క్యారియర్‌లో కూర్చున్న పాప కదలదు. మోస్తున్న మీకు చెమటలు పడుతుంటాయి, మీకు వేడిగా ఉంది కాబట్టి పాపకీ వేడిగానే ఉందనుకుంటారు, అదే సమయంలో పాప కాళ్లు కిందికి వేలాడుతూ పొగమంచులో చల్లబడిపోతుంటాయి. పిల్లలకి బరువుతో పోలిస్తే ఒంటి మీద చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే వేడి త్వరగా పోతుంది. ఆగిన ప్రతిసారీ మెడ వెనక, పొట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. మనకి అలవాటైన కాటన్ బనీను, కాటన్ ప్యాంటు ఒద్దు, తడిస్తే ఆరవు, ఒంటికి అంటుకుని వేడి లాగేస్తాయి. ఉన్ని లేదా ఫ్లీస్, పైన వాన ఆపే జాకెట్, ఇద్దరికీ టోపీలు. పొడి బట్టలు ఒక జత ప్లాస్టిక్ కవర్లో చుట్టి రాత్రికి మాత్రమే అని దాచిపెట్టండి, పగలు ఎంత తడిసినా వాటిని ముట్టుకోవద్దు.

పడుకునేటప్పుడు పెద్దవాళ్ల స్లీపింగ్ బ్యాగ్‌లో పాపని ఒక్కదాన్నే వేయకండి, లోపలికి జారిపోతుంది, ముఖం మూసుకుపోవచ్చు. పిల్లల సైజువి దొరుకుతాయి, లేదంటే మందపాటి ఫ్లీస్ సూట్ వేసి మీ పక్కన చాప మీద పడుకోబెట్టండి. కింద నేల నుంచి వచ్చే చలే ఎక్కువ, కాబట్టి మందమైన ఫోమ్ మ్యాట్ కావాలి. స్టవ్ టెంట్ లోపల, టెంట్ గుమ్మంలో కూడా వెలిగించొద్దు, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. వండుతున్నంత సేపూ ఒకరు వంట మీద, ఒకరు పిల్లల మీద, మధ్యలో పనులు మార్చుకోవద్దు. క్యాంపుల నుంచి మా దగ్గరికి వచ్చే పిల్లల్లో వేడినీళ్లు ఒలికి కాలినవాళ్లని చూస్తుంటాను. దోమల మందు 30 శాతం లోపు డీట్ అనే రసాయనం ఉన్నది పిల్లలకి వాడొచ్చు. సహజమైనది కదా అని లెమన్ యూకలిప్టస్ నూనె మాత్రం మూడేళ్లలోపు పిల్లలకి రాయకూడదు, మీ పాపకి అది వద్దు.

తిరుపతి అమ్మాయి, ఒలింపియా

జంతువుల గురించి నేను చెప్తాను, మాది తిరుపతి కాబట్టి ఈ విషయం నాకు దగ్గరది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపిన తర్వాత టీటీడీ 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక ఆ దారిలోకి రానివ్వడం ఆపేసింది, మిగతావాళ్లని గుంపులుగా వెళ్లమంది. నా చిన్నప్పుడు మేం ఆ మెట్ల మీద పెద్దవాళ్లకన్నా ముందు పరిగెత్తేవాళ్లం, ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. ఒలింపిక్ అడవుల్లో చిరుతలు లేవు గానీ కూగర్ అనే పెద్ద అడవి పిల్లి ఉంది, 2025 జూలైలో హరికేన్ రిడ్జ్ దగ్గర నాలుగేళ్ల పిల్లవాడి మీద దాడి చేసింది, పిల్లవాడిని హెలికాప్టర్‌లో సియాటిల్ తీసుకెళ్లారు. ఇలాంటివి చాలా అరుదు. అయినా రెండు చోట్లా పాటించాల్సింది ఒకటే. పిల్లలు పెద్దవాళ్ల మధ్యలో నడవాలి, ముందు ఒకరు, వెనక ఒకరు. మలుపు తిరిగి కనపడకుండా పోవడం, వెనకబడి ఒంటరిగా ఆగిపోవడం రెండూ వద్దు, చీకటి పడేముందూ తెల్లవారుజామునా మరీ. కనపడితే పరిగెత్తకూడదు, దాని మీద నుంచి చూపు తిప్పకుండా పిల్లవాడిని దగ్గరికి లాక్కుని ఎత్తుకోవాలి, పెద్దగా అరవాలి, జాకెట్ పైకెత్తి పెద్దగా కనపడాలి. దాడి చేస్తే తిరగబడి కొట్టాలి.

తప్పిపోవడం గురించి కూడా బాబుకి ఇప్పటినుంచే నేర్పండి. 1981లో కాలిఫోర్నియాలో తొమ్మిదేళ్ల పిల్లవాడు కొండల్లో తప్పిపోయి చనిపోయాడు, ఆ వెతుకులాటలో పాల్గొన్నవాళ్లే తర్వాత 'హగ్ ఎ ట్రీ' అని పిల్లలకి నేర్పడం మొదలుపెట్టారు. దారి తెలియలేదంటే నడవడం ఆపు, ఒక చెట్టు చూసుకుని అక్కడే ఉండు, ఈల ఊదుతూ ఉండు. ఇంకోటి మనవాళ్లు తప్పకుండా చెప్పాలి, తెలియనివాళ్లతో మాట్లాడొద్దని మనం రోజూ చెప్తాం కదా, అందుకే తప్పిపోయిన పిల్లలు వెతుకుతూ వచ్చినవాళ్ల అరుపు విని భయపడి దాక్కున్న సందర్భాలున్నాయి. అడవిలో తప్పిపోయినప్పుడు పేరు పెట్టి పిలిచిన ఎవరికైనా గట్టిగా పలకాలని విడిగా చెప్పండి. ఈల మెడలో కాకుండా జాకెట్ జిప్పుకి కట్టండి, తాడు కొమ్మలకి తగులుకుంటుంది. ఇంట్లోనే దాక్కునే ఆటలా ఆడించి చూడండి, పాప కూడా నేర్చుకుంటుంది.

రెడ్మండ్ నాన్న

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, మా ఆవిడతో కూర్చుని అన్నీ చదివాం, అత్తయ్యగారికి కూడా చదివి వినిపించాం. మూడు వైపుల దారి మానేశాం, శాండ్ పాయింట్ ఒక్కటే. ఇంకో రెండు ప్రశ్నలు. పాపని నేను మోస్తే మిగతా సామాను అంతా మా ఆవిడ ఒక్కతే ఎలా మోస్తుంది? తిండి ఏం తీసుకెళ్తున్నారు, మా వాడు అన్నం లేకపోతే పడుకోడు.

ఇసాక్వా అమ్మ

నిజం చెప్పాలంటే అసలు తిప్పలు ఈ బరువు దగ్గరే ఉంటాయి, దూరం దగ్గర కాదు. పాప ఒక పాతికా ముప్ఫై పౌండ్లు, క్యారియర్ ఇంకో ఏడెనిమిది, మీ నీళ్లు, డైపర్లు కలిపితే నలభై. క్యారియర్ ఎంత మోయగలదో దాని మీదే రాసి ఉంటుంది, చూసుకోండి. అక్కడికి మీ పని అయిపోయింది, ఇంకేం మోయలేరు. నలుగురి టెంట్, నాలుగు పక్కలు, స్టవ్, తిండి డబ్బా (ఖాళీదే రెండున్నర పౌండ్లు ఉంటుంది) ఒక్క మనిషి మీద పడితే ఆవిడకి ఆ ప్రయాణం శిక్షలా ఉంటుంది, మళ్లీ ఇంకోసారి రమ్మంటే రాదు. దయచేసి ఇంకో కుటుంబాన్నో, పిల్లలు లేని స్నేహితుడినో తోడు తీసుకెళ్లండి. పెద్దవాళ్లు ముగ్గురున్నా చాలు, అన్నీ మారిపోతాయి. అర్ధరాత్రి ఒకరు పాపతో బయటికి వెళ్లాల్సి వస్తే బాబు దగ్గర ఇంకొకరు ఉంటారు. బాబు సంచిలో అతని నీళ్ల సీసా, జాకెట్, ఈల, తినడానికి ఏదన్నా, ఒక బొమ్మ, అంతే.

తిండికి మేం ఇంట్లోనే రవ్వ వేయించి, పోపు పెట్టి, ఉప్పు, ఎండబెట్టిన కూరముక్కలు కలిపి జిప్ కవర్లలో కట్టుకెళ్తాం, మరిగే నీళ్లు పోసి మూతపెడితే ఉప్మా. అటుకులు కూడా అంతే. అన్నం కావాలంటే మొదటి రాత్రికి ఇంట్లో కలిపిన పులిహోర పట్టుకెళ్లండి, చింతపండు ఉంది కాబట్టి పొద్దున చేసింది సాయంత్రానికి బాగానే ఉంటుంది, పెరుగన్నం వద్దు. మిగిలిన తిండి, అరటిపండు తొక్కతో సహా, అన్నీ వెనక్కి తేవాల్సిందే. డైపర్లు పాతిపెట్టకూడదు, రెండు పొరల కవర్లలో చుట్టి మోసుకు రావాలి, తడిసినవి ఎంత బరువుంటాయో ముందే లెక్కలో వేసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం బాతెల్ బాబాయ్ గారితో నేను ఒప్పుకోను. మొదటిసారికి ఓజెట్ వద్దు. సియాటిల్ నుంచి నాలుగు గంటల పైన డ్రైవింగ్, ఫెర్రీ, చివర్లో హోకో ఓజెట్ రోడ్డు మలుపులు, అంత దూరం వెళ్లాక పాప రాత్రి తొమ్మిదింటికి ఇంటికెళ్దామని ఏడుస్తూ ఆపకపోతే, వెనక్కి వెళ్దామని మీకే అనిపించినా ఇంత దూరం వచ్చాం కదా అని ఆగిపోతారు. వెనక్కి రావడం తేలిగ్గా ఉన్న చోటే పిల్లలతో మొదటి రాత్రి గడపాలి. హైవే 2 మీద బేరింగ్ దగ్గర బార్క్లే లేక్ ఉంది, రెండు మైళ్ల పైచిలుకు నడక, పెద్ద ఎత్తు లేదు, చెరువు ఒడ్డున టెంట్ వేసుకోవచ్చు, ముందు బుకింగ్ అక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో బోల్ట్ క్రీక్ మంటల్లో ఆ చుట్టుపక్కల అడవి కాలింది, కాబట్టి దారి తెరిచి ఉందో లేదో ఫారెస్ట్ సర్వీస్ వాళ్ల పేజీలో చూసుకుని వెళ్లండి, కాలి నిలబడిపోయిన చెట్ల కింద టెంట్ వేయకండి, గాలికి పడతాయి. అక్కడ ఒక రాత్రి బాగా గడిస్తే ఆగస్టులో ఓజెట్ వెళ్లండి.

ఇంకో సంగతి, జూన్ జూలైల్లో ఇక్కడ తొమ్మిది అయ్యేదాకా పొద్దు కుంకదు, వెలుతురుండగా పిల్లలు పడుకోరు. ఇంట్లో ఎనిమిదింటికి పడుకునే పాప అక్కడ పదింటికి పడుకుంటుంది, మర్నాడు చిరాకుగా ఉంటుంది, దానికి తగ్గట్టు రెండో రోజు నడక తక్కువ పెట్టుకోండి. ఇంట్లో రోజూ కప్పుకునే దుప్పటి తీసుకెళ్లండి, బరువైనా సరే. కొత్త చోట దాని వాసనకే నిద్రపోతారు.

బాతెల్ బాబాయ్

అక్క చెప్పింది సబబే, మొదటి రాత్రి బార్క్లే లేక్‌లో అయితే నాకూ అభ్యంతరం లేదు, దోమలు మాత్రం ఓజెట్ కన్నా అక్కడ ఎక్కువ, తలకి వేసుకునే వలలు పట్టుకెళ్లండి. ఆగస్టులో ఓజెట్ వెళ్లేటప్పుడు ఒకే రోజు డ్రైవింగూ నడకా పెట్టుకోకండి. చెరువు దగ్గరే చిన్న క్యాంప్‌గ్రౌండ్ ఉంది, ముందు వచ్చినవాళ్లకి ముందు, శుక్రవారం కాకుండా వారం మధ్యలో వెళ్తే దొరుకుతుంది. ఆ రాత్రి కారు పక్కనే పడుకుని, పొద్దున్నే తిన్నగా నడక మొదలుపెట్టండి. కారులో ఒక జత బట్టలు, తువ్వాళ్లు, తిండి వదిలేసి వెళ్లండి, తిరిగొచ్చేసరికి తడిసి ఉంటే పనికొస్తాయి.

బాబుకి రాళ్ల మీద చెక్కిన తిమింగలాల బొమ్మలు చూపించాలని ఉంటే, వెడ్డింగ్ రాక్స్ కేప్ అలావా, శాండ్ పాయింట్ మధ్యలో ఉన్నాయి, ఈసారికి అవి వదిలేయండి. బదులుగా వెనక్కి వచ్చేరోజు నియా బేలో మకా అనే అక్కడి ఆదివాసీ తెగ వాళ్ల మ్యూజియం చూపించండి. కొన్ని వందల ఏళ్ల కిందట ఓజెట్‌లో బురద కొండ జారి మకా వాళ్ల ఇళ్లని కప్పేసింది, 1970లో తుఫాను ఒడ్డుని కోసి వాటిని బయటపెట్టింది, పదేళ్లకి పైగా తవ్వి తీసిన చెక్క పెట్టెలు, పడవ తెడ్లు, వేట సామాను అక్కడ ఉన్నాయి. మా పిల్లలు ఆ ఇంటి నమూనాలో కూర్చుని బయటికి రామన్నారు.

ఆగస్టు అంటే ఎండాకాలం చివర, వాగులు సన్నబడతాయి. పోర్ట్ ఏంజెలెస్‌లో వైల్డర్‌నెస్ ఇన్ఫర్మేషన్ సెంటర్ అనే పార్కు ఆఫీసుకి ఫోన్ చేసి తిండి డబ్బాలు దొరుకుతాయా అని అడిగేటప్పుడే శాండ్ పాయింట్ దగ్గర నీళ్లు పారుతున్నాయా అని కూడా అడగండి, లేకపోతే నీళ్లు కూడా మోయాలి, అప్పుడు ఆ మూడో మనిషి తప్పనిసరి.